అసలు కార్డు

"కాపీలు ఎన్ని ఉన్నాయి?" అన్నాడు మంత్రిగారి పి.ఎ., కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

ఫొటోగ్రాఫర్ గబుక్కున లేచి నిలబడ్డాడు. సగం దించి ఉన్న స్టూడియో షట్టర్ కింద నుంచి వంగి లోపలికొచ్చాడు ఆ మనిషి. వస్తూనే మిగతా సగం తనే కిందికి లాగేశాడు.

"ఒక్కటి కూడా లేదండి. ఆ రోజే చెరిపేయమన్నారు, చెరిపేశాను."

"ఎవరు చెరిపేయమన్నది?"

"మీరేనండి."

"నేను చెప్పినవన్నీ జనం చేసేస్తుంటే నాకీ బట్టతల ఎందుకొస్తుంది?" అన్నాడు పి.ఎ. అతని ముఖంలో నవ్వు లేదు.

రెండు నెలల కిందట, ఊరు ఊరంతా వైరస్‌కి భయపడి తలుపులు బిగించుకున్న రోజుల్లో, మంత్రిగారి పుట్టినరోజు విందు జరిగింది. మూడొందల మంది వచ్చారు. ఒక్కరి ముఖానికీ మాస్కు లేదు. ఆ విందు వీడియో తీసింది ఈ ఫొటోగ్రాఫరే. మచ్చుకు మూడు నిమిషాలు కత్తిరించి మంత్రిగారింటికి పంపాడు. సరిగ్గా ఆ మూడు నిమిషాలే నాలుగు రోజుల కిందట ఊళ్లో అందరి ఫోన్లలోకీ వచ్చిపడ్డాయి. అయినవాళ్ల చివరిచూపుకు నోచుకోనివాళ్లంతా చనిపోయినవాళ్ల ఫొటోలు పట్టుకుని మంత్రిగారి గేటు ముందు బైఠాయించారు. మంత్రిగారు మాత్రం టీవీలో తొణక్కుండా చెప్పారు.

"అది పోయినేడాది పుట్టినరోజు వీడియో. నేనంటే గిట్టనివాళ్ల కుట్ర."

అప్పట్నుంచీ ఫొటోగ్రాఫర్‌కి కంటి మీద కునుకు లేదు. బయట బండి ఆగితే చాలు, షట్టర్ సగం దించేసేవాడు. తన మీదే అనుమానపడతారు, ఇంకెవరి మీద పడతారు? ఉండబట్టలేక భార్యనే అడిగాడు, "నువ్వు గానీ పెట్టలేదు కదా?" అని.

"నేనే అయితే మూడు నిమిషాలతో సరిపెడతానా?" అందామె.

ఇప్పుడామె స్టూడియో వెనకగది గుమ్మంలో నిలబడి వింటోంది.

"తేదీ, టైము పడ్డ అసలు మెమరీ కార్డు నాకు కావాలి," అన్నాడు పి.ఎ. "రేపు పోలీసులొస్తారు. వాళ్లు నాలా కుర్చీలో కూర్చుని అడగరు."

"నిజంగా లేదండి."

"పిల్లలెంతమంది?"

ఫొటోగ్రాఫర్ వెనకగది వైపు చూశాడు. "ఒక్కతే... పాప."

"ఏ బడి?"

"ఆ పసిదాని జోలికెందుకండీ!" అంటూ ఆమె ముందుకొచ్చింది. "కార్డు నా దగ్గరుంది. ఈయన విరిచేయబోతే నేనే లాక్కున్నాను. ఇవ్వను. మా నాన్న పోతే నలుగురే రావాలన్నారు. ఐదోదాన్ని నేను. ఆసుపత్రి గేటు బయట నిలబడ్డాను. బండి నా ముందు నుంచే వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే మీ సార్ కేకు కోశారు. అది కూడా పోయినేడాదిదేనా?"

పి.ఎ. ఆమె వైపు చూడలేదు. నేల చూస్తూ చెయ్యి చాపాడు.

"కార్డు."

ఆఖరికి ఫొటోగ్రాఫరే లోపలికెళ్లి, కుట్టుమిషను సొరుగులో దారపుండల కింద వెతికి, కార్డు తెచ్చి ఆ చేతిలో పెట్టాడు. భార్య అతని వైపు ఒక్క చూపు చూసింది. దానికంటే చెంప మీద కొట్టినా బాగుండేదనిపించింది అతనికి.

పి.ఎ. అంతటితో వదల్లేదు. కంప్యూటర్ విప్పించి హార్డ్‌డిస్కు తీయించాడు. రెండింటినీ చేతిసంచిలో వేసుకున్నాడు. జేబులోంచి చిన్న ఫోను తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ ఫోన్లు ఆపేయండి. ఇది మోగితే ఎత్తండి. గంటలో ముగ్గురూ ఊరు దాటాలి. ఈ నాలుగు రోజుల్లో చుట్టుపక్కల కనబడ్డారంటే ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు."

"ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటారండీ?"

"నేనొచ్చి, బెదిరించి, లాక్కుపోయానని చెప్పు. అందరికీ చెప్పు. నాకేం భయం?"

షట్టర్ పైకెత్తి వెళ్లిపోయాడు.

బస్సులో దారి పొడుగునా ఆమె కిటికీ వైపే తిరిగి కూర్చుంది. దిగబోయే ముందు ఒక్క మాటంది. "ఇంత పిరికివాడివనుకోలేదు."

అతను సంచి భుజానికి తగిలించుకున్నాడు. పాపను గుండెలకి అదుముకుని, వెనక ఎవరైనా దిగుతున్నారేమోనని చూసుకుంటూ ఆమె అక్కగారింటికి నడిచాడు.

మర్నాడు మధ్యాహ్నం అందరూ అన్నాలు తింటుంటే అక్కగారు టీవీ ముందు నుంచి కేక పెట్టింది. "ఇలా రండి, త్వరగా!"

తెర మీద విందు. మూడు నిమిషాలు కాదు, మొత్తం. మంత్రిగారు కేకు కోస్తున్నారు, పాట పాడుతున్నారు, పక్కవాళ్ల నోట్లో ముక్కలు పెడుతున్నారు. మూలన తేదీ, టైము. ఈ ఏడాదే. ఆమె తండ్రి పోయిన రోజే.

ఫొటోగ్రాఫర్ చేతిలోని ముద్ద జారి కంచంలో పడింది.

"ఇంకో కాపీ దాచావు కదూ? చంపేస్తారే మనల్ని!"

"ఒట్టు, నేను దాచలేదు," అందామె. "ఉన్నది ఆ ఒక్క కార్డే."

అప్పుడే చిన్న ఫోను మోగింది. అక్కగారు లేచి వీధి తలుపు గడియపెట్టింది. మూడోసారి మోగాక అతను ఎత్తాడు.

"టీవీ చూశారా?" పి.ఎ. గొంతు. వెనక జనం కేకలు.

"సార్, పాప మీద ఒట్టు, మేం కాదు! మీరు అడిగినవన్నీ ఇచ్చేశాం. నా భార్యకి కూడా ఏమీ తెలియదు. కావాలంటే వచ్చి వెతుక్కోండి సార్, మమ్మల్ని..."

"తెలుసండీ," అన్నాడు పి.ఎ. "మొన్న మూడు నిమిషాలు పెట్టిందీ, ఇవాళ మొత్తం పెట్టిందీ నేనే."