పొటాష్ వెయ్యని సాలు

దొంగని పట్టుకోవాలంటే ఎవరైనా కుక్కని పెంచుతారు, లేదా కెమెరా పెడతారు. పొటాష్ మాత్రం ఒక సాలుకి ఎరువు మానేశాడు.

అతనో బంగాళాదుంపల రైతు. పొటాష్ అన్నది ఊరు పెట్టిన పేరు, అసలు పేరు పోస్ట్‌మాన్ కూడా మర్చిపోయాడు. పొటాష్ ఎరువు గొప్పతనం గురించి మొదలుపెట్టాడంటే గోడ గడియారం కూడా ఆగిపోయేది. ఎవరి పెళ్లికి వెళ్లినా అదే మాట. ఆపరేషన్‌కి మత్తు ఎక్కుతుంటే డాక్టర్‌తోనూ అదే మాట. ఆ ఉపన్యాసం తప్పించుకోడానికే చుట్టుపక్కల రైతులంతా నోరెత్తకుండా పొటాష్ వేసేవారు. అందుకే అక్కడ పండే దుంపలన్నీ ముద్దొచ్చేంత తెల్లగా ఉడికేవి.

పోయిన పంటలో దారి పక్కనున్న చివరి సాలు సగం ఖాళీ అయింది. మొక్కలు మొక్కల్లాగే నిలబడి ఉన్నాయి. పీకి చూస్తే కింద దుంపల్లేవు. అంత నెమ్మదైన దొంగ.

అనుమానమంతా బావ మీదే. అక్క మొగుడు, పక్క పొలం ఆసామి, పరమ పిసినారి. పండిన దుంపలన్నీ చిప్స్ ఫ్యాక్టరీకి తోలేసి ఇంటికి ఒక్కటీ తెచ్చేవాడు కాదు. మరి ఆ ఇంట్లోంచి పూటపూటా ఉడికిన దుంపల వాసన ఎలా వస్తున్నట్టు?

పొలం కాపలా అమ్మది. చివరి సాలు గట్టున కర్ర పట్టుకుని కూర్చునేది. "వాడి దుంప తెగ! వాడి చేతులు పడిపోనూ!" అని ఆవిడ తిట్టే తిట్లకి కాకులు కాపురాలు మార్చేశాయి. అయినా ఆవిడ అన్నానికి లేచిన కాసేపట్లోనే దొంగ పని కానిచ్చేసేవాడు. కాపలా కాసి కాసి పాపం ఆవిడ నడుం పట్టేసింది.

ఈ పంటకి పొటాష్ వల పన్నాడు. చివరి సాలుకి గుప్పెడు పొటాష్ కూడా వెయ్యలేదు. సంగతి అమ్మకొక్కదానికే చెప్పాడు.

"పొటాష్ తగలని దుంప ఉడికాక గాలి తగిలితే నల్లబడుతుందమ్మా. ఎవరింట్లో నల్లబడితే వాడే దొంగ."

"ఎందుకు నల్లబడుతుందిరా?"

"పొటాష్ ఉంటే దుంపలో పులుపు ఊరుతుంది. ఆ పులుపే దాన్ని తెల్లగా ఉంచుతుంది. అసలు పొటాష్ అంటే ఏమిటో తెలుసా..."

అమ్మ చెవుల్లో దూది పెట్టుకుంది.

దుంపలు ఊరాయి. చివరి సాలు మళ్లీ ఖాళీ అవడం మొదలైంది. ఓ ఆదివారం పొద్దున్నే పొటాష్ అమ్మని వెంటేసుకుని బావ వాకిట్లో నిలబడ్డాడు. వెనకాల వీధి వీధంతా వచ్చింది. మంగలి సగం గీసిన గడ్డాన్ని కుర్చీలో వదిలేసి వచ్చాడు. ఆ సగం గడ్డం కూడా అతని వెనకే వచ్చింది.

"బావా! వంటింట్లో ఉన్న దుంపలు ఎక్కడివి?"

"నాకేం తెలుసు? మీ అక్క తెస్తుంది, నేను తింటాను. ఎక్కడివని అడిగితే తిరిగి డబ్బులడుగుతుంది."

"ఇప్పుడే ఉడికిద్దాం. నల్లబడితే నువ్వే దొంగవి. మన ఇద్దరి ట్రాక్టర్ నాదైపోతుంది."

ఆ ట్రాక్టర్ ఇద్దరూ కలిసి కొన్నది. వారానికోసారి దానికోసం కొట్టుకునేవారు. అది లేకపోతే పొటాష్‌కి సంత దాకా తలమీద బుట్టే గతి.

"తెల్లగా ఉంటే?" అన్నాడు బావ.

"ట్రాక్టర్ నీది!" అనేశాడు పొటాష్, మీసం మీద చెయ్యేసి.

"వంటింట్లో ఎవరూ దుంపలు మార్చకుండా పొయ్యి దగ్గర నేను కూర్చుంటా. కూతురని చూడను!" అని అమ్మ కొంగు బిగించి లోపలికెళ్లింది. సొంత కూతురింట్లోనే కాపలా కాస్తున్న ఆ తల్లిని చూసి మంగలి కళ్లు తుడుచుకున్నాడు.

దుంపలు ఉడికాయి. అక్క తొక్కలు తీసి పళ్లెంలో పెట్టి వాకిట్లో పెట్టింది. జనం పళ్లెం మీదకి వంగారు. గాలి తగిలింది. ఇంకా తగిలింది. పొటాష్ తన తువ్వాలుతో విసిరి మరీ గాలి తగిలించాడు.

దుంపలు అప్పుడే సున్నం వేసిన గోడల్లా మెరుస్తున్నాయి. చూడ్డానికి నల్లకళ్లద్దాలు కావాల్సినంత తెలుపు.

"ఒకటి తిను బావమరిదీ, మొహం వాడిపోయింది," అన్నాడు బావ, ఉప్పు అందిస్తూ.

పొటాష్ ఓ ముక్క నోట్లో వేసుకున్నాడు. కాస్త పుల్లగా తగిలింది. ఓడిపోయినవాడి నోటికి అన్నీ పుల్లగానే ఉంటాయిలే అనుకున్నాడు. లెంపలేసుకుని బావ చేతులు పట్టుకున్నాడు. ట్రాక్టర్ తాళం ఇచ్చేటప్పుడు మాత్రం వేళ్లు దాన్ని వదల్లేదు. బావ ఒక్కో వేలే విడదీసి తీసుకోవాల్సి వచ్చింది.

జనం వెళ్లిపోయారు. సందు చివరిదాకా వెళ్లాక పొటాష్‌కి తువ్వాలు గుర్తొచ్చింది. వెనక్కొచ్చి వంటింటి కిటికీ పక్కనుంచి వెళుతుంటే, లోపల అమ్మ అక్కతో గుసగుసలాడుతోంది.

"నీళ్లలో నిమ్మకాయ పిండమన్నానా, పనిచేసిందా లేదా! వాడి పొటాష్ పాఠం చెవుల్లో దూదితో విన్నా ఒంటపట్టిందే. ఒళ్లో పోసుకుని మోసీ మోసీ నా నడుం పడిపోయింది, ఎలాగూ ట్రాక్టర్ వచ్చిందిగా, రేపట్నుంచి దుంపలు అందులోనే తోలుకొచ్చేద్దాం."