దొరవారి పథ్యం

ఇంటి వెనక కిటికీ ఊచల మధ్య దొర ఇరుక్కున్నాడు. తల, ముందుకాళ్ళు లోపల; పొట్ట, తోక వెలుపల. రోజారాణి ఏడుపు విని పక్కింటి గురవమ్మ పరుగున వచ్చింది. సబ్బునీళ్ళు పోసి, వెనకకాళ్ళు పట్టి లాగి, ఎట్టకేలకు బయటపడవేసింది.

దొర మనిషి కాదు. రోజారాణి పెంచుకున్న పిల్లి. ములకలపల్లి మొత్తంలో మీగడ తప్ప పాలు ముట్టని పిల్లి అదొక్కటే.

పశువుల దవాఖానాలో డాక్టర్ శివకుమార్ దానిని తూకం వేసి తల పట్టుకున్నాడు.

"ఇది పిల్లా, పందిపిల్లా అమ్మా? మీగడ బంద్. అన్నం బంద్. ఉడకబెట్టిన చేప, మూడు పూటలా కొంచెం కొంచెం. ఒక్కసారే పస్తు పెట్టొద్దు, కాలేయం చెడిపోతది. తిండి కోసం అది కష్టపడాలె."

రోజారాణి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అది మ్యావుమంటే నా పాణం ఆగది సార్. నాతోని కాదు." తోడు వచ్చిన గురవమ్మ వైపు తిరిగింది. "పెద్దమ్మా, నీ చెయ్యి గట్టిది. జర నువ్వే పెట్టరాదు?"

"పెడత తియ్ బిడ్డా. నాకు మాత్రం దీని మీద ప్రేమ లేదా?"

ప్రేమ లేదు. పగ ఉంది.

నిరుడు భద్రాద్రి రాముని కల్యాణానికి గురవమ్మ గోటితో వడ్లు ఒలిచింది. రోకలి తాకరాదు, గింజ విరగరాదు. గోళ్ళు చిట్లి నెత్తురు చిమ్మినా నోట రామనామం తప్ప మరొక మాట రానీయలేదు. ఆ బియ్యానికి పసుపు, ఆవునెయ్యి కలిపి పళ్ళెంలో ఉంచింది. ఊరి తరఫున ముందు నడిచే తలంబ్రాల కలశం ఆమె తలమీదనే సాగవలసి ఉంది. తెల్లవారి చూస్తే, దొర ఆ పళ్ళెంలో పవళించి నెయ్యి నాకుతున్నాడు. ఎంగిలి బియ్యం దేవుడికి పనికిరాలేదు. తన ఇంట కూడా వడ్లు ఒలిచి ఉంచిన రోజారాణి తలకు కలశం ఎక్కింది.

అప్పుడు రోజారాణి చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. "పిల్లికి దేవుడేంది, దయ్యమేంది పెద్దమ్మా! ఇల్లు మూసుకోవాలె గాని."

ఆ మాట ముల్లై నిలిచిపోయింది. ప్రతి ఉదయం పారాయణం ముగించి గ్రంథం మూయగానే గురవమ్మ గుండెలో మళ్ళీ గుచ్చుకొనేది. ఇప్పుడు శత్రువు తనంతట తానే గంపలో కూర్చొని గడప దాటి వచ్చాడు.

పథ్యం మొదలైంది. దొర పొట్టను నేలకీడ్చుకుంటూ ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు.

"ఎంత అరుస్తవో అరువు," అంది గురవమ్మ. "నిరుడు నా రాముడు నీకన్న ఎక్కువ ఎదురుచూసిండు."

గిన్నెను ఏనాడూ ఎదుట పెట్టలేదు. పెరట్లో రెండు కట్టెల మోపులు నిలబెట్టి, వాటి వెనుక పెట్టేది. ఆకలికి తాళలేక దొర మూలుగుతూ ఆ సందున దూరి వస్తే, చివరి చేపముక్క మీద ఒక్క నేతిబొట్టు. పిల్లి కాస్త చిక్కినప్పుడల్లా మోపులను మరికాస్త దగ్గరకు జరిపేది. తిన్న తరువాత దానిని నిలబెట్టి, వీపు మీద అడ్డంగా ఒక చీపురుపుల్ల పెట్టి చూసేది. పుల్ల కొనలు దాటి రెండు వైపులా పొట్ట ఉబికి కనిపించేది.

"ఇంకా ఉన్నది నీకు," అని పళ్ళు నూరి, పుల్లను కొంగున ముడివేసుకొనేది.

మళ్ళీ తూకం వేసినప్పుడు శివకుమార్ ఎంతో మెచ్చుకున్నాడు. "ఆ నేతిబొట్టు ఎందుకమ్మా మరి?"

"ఆశ చూపకుంటే కదలది సార్."

"తొందరపడకండి."

"నాకేం తొందర? నవమికి అందితే చాలు."

"పిల్లికి నవమేంది?"

"దేనికైనా ఒక గడువుండాలె గద సార్."

ఈ ఏడు కూడా రెండిళ్ళలో వడ్లు ఒలిచారు. రోజారాణి గోడ మీదుగా తొంగిచూసి, "నేనైతే దేవునిగదికి తాళమేసిన పెద్దమ్మా. నీ లెక్క తలుపులు బార్లా తీసిపెట్టుకోను," అంది. గురవమ్మ ఒలుస్తూనే ఉంది. గోరు కింద గింజ ఒకటి తెల్లగా ఊడివచ్చింది.

కలశం బయలుదేరే ముందునాడు, దొర వీపు మీద పెట్టిన పుల్ల రెండు కొనలూ బయటికి వచ్చాయి. గురవమ్మ ఆ సాయంత్రమే పిల్లిని తీసుకువెళ్ళి రోజారాణి ఒడిలో పెట్టింది.

"అయ్యో నా దొరా, గుర్రం లెక్కయినవు గదరా!" అని ముద్దాడింది రోజారాణి. "పెద్దమ్మా, నువ్వు దేవతవే."

"ఈ ఒక్క పూట ఏం పెట్టకు బిడ్డా. కడుపు ఖాళీగ ఉండనీ."

తెల్లవారి భజనమండలి పెద్ద ఆదినారాయణ బియ్యం చూడవచ్చాడు. రోజారాణి తలస్నానం చేసి, పట్టుచీర కట్టి, దేవుడిగది తాళం తీసింది. మరుక్షణం ఆమె కేక వీధిచివరకు వినిపించింది. పళ్ళెం నడుమ దొర. మీసాలకు పసుపు. ఒంటికి నెయ్యి.

"తాళమేసింది ఏసినట్టే ఉన్నది! ఎట్లొచ్చింది ఇది?"

ఆదినారాయణ "రామ రామ" అని కళ్ళు మూసుకున్నాడు. తెరిచి, గురవమ్మ ఇంటివైపు నడిచాడు.

"పిల్లికి దేవుడేంది, దయ్యమేంది బిడ్డా!" అంది గురవమ్మ, గడపలోనుంచే. "ఇల్లు మూసుకోవాలె గాని."

కలశం తలకెత్తుకొనే ముందు కొంగుముడి విప్పి చీపురుపుల్లను పొయ్యిలో వేసింది.

దొర ఇరుక్కున్ననాడు, సబ్బునీళ్ళ తడి ఆరకముందే, రోజారాణి దేవుడిగదికున్న ఆ వెనక కిటికీ ఊచల నడుమ పెట్టి సరిగ్గా ఆ సందు మేరకు తుంచుకున్న పుల్ల అది.