చేప దొరకకపోయినా సరే

“‘పట్టుకుంటాం’ అని రాయకమ్మా, కొంప మునుగుతుంది!” కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి అరిచినంత పని చేశాడు ఉర్మాస్.

“పట్టుకుంటాను కాబట్టే రాశానండీ,” అంది హెల్వె.

తార్తు ఊళ్ళో పరిశోధకుల గ్రాంటు దరఖాస్తులు దిద్దిపెట్టడం ఉర్మాస్ ఉద్యోగం. హెల్వెది చేపల పరిశోధన. గ్రాంటు ఇచ్చేవాళ్ళుండే బ్రస్సెల్స్‌లో గడియారం ఐదు కొట్టేలోగా దరఖాస్తు వెళ్ళిపోవాలి. ఈ గ్రాంటు రాకపోతే వేసవికల్లా ఆమె ప్రయోగశాలకు తాళం పడుతుంది.

“ఇది ఏకమొత్తం గ్రాంటు. బిల్లులు అడగరు, ఖర్చులు అడగరు. ఒప్పుకున్న పని చేశామా లేదా, అదొక్కటే చూస్తారు. నల్లరెక్క చేపను పట్టుకుంటామని రాశావనుకో, అది దొరక్కపోతే ఒక్క యూరో కూడా రాదు. అదే ‘ఇక్కడి సరస్సంతా మూడేళ్ళు వెతుకుతాం’ అన్నామనుకో, వెతకడం మన చేతిలో పని. చేప దొరకకపోయినా సరే, డబ్బు వస్తుంది.”

“దొరుకుతుందండీ.”

“మా తాత చిన్నప్పుడు చూశాడట. ఆ తర్వాత చూసినవాడు లేడు. ఫలానా రోజు వస్తానని నీకేమైనా కబురు పెట్టిందా?”

హెల్వె నవ్వు ఆపుకుంది. “అది ఉందండీ. ఇంకా ఎన్ని ఉన్నాయి, ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నాయి, అదే తెలియాలి.”

“ఉందని ఎలా తెలుసు?”

“అదే చెబుదామని పొద్దుటి నుంచీ...”

“తర్వాత చెబుదువుగాని. ముందు అది మార్చు తల్లీ, టైము లేదు!”

హెల్వె నిట్టూర్చింది. ‘పట్టుకుంటాం’ కొట్టేసి, ‘మూడేళ్ళు వెతుకుతాం’ అని టైపు చేసింది. ఆమె మనసు మారేలోగా ఉర్మాస్ చెయ్యి చాచి దరఖాస్తు పంపేశాడు. పంపిన ఆనందంలో తన నల్లరొట్టె సగం తుంచి ఆమెకిచ్చాడు.

“చూశావా, ఇక ఆ చేప ఉన్నా లేకపోయినా మనకు బెంగ లేదు. ఇప్పుడు చెప్పు, ఏదో అంటున్నావు?”

హెల్వె నోరు తెరిచేలోగా ఫోన్ మోగింది. వాళ్ళమ్మ. ఆవిడ గొంతు ఫోన్ దాటి గదంతా వినిపించింది.

“ఏమే, స్నానాల తొట్టిలో వదిలిపెట్టావే ఆ నల్లరెక్కదాన్ని, ఎప్పుడు తీసుకుపోతావు? ఆదివారం నుంచి ఇంట్లో ఒక్కరికీ స్నానం లేదు!”