పన్నెండో కన్ను

ఎనిమిదో రోజు కూడా కురుమయ్యను దవాఖాన గదిలో పెట్టి తాళం వేశారు.

గద్వాలలో కళ్లజబ్బు వచ్చినవాళ్లు ఊరి దేవత జములమ్మకు మొక్కుకొని ఇత్తడి కళ్లు సమర్పిస్తారు. ఆ కళ్లు చేసేవాడు కురుమయ్య. అందుకే సామ్యూల్ డాక్టరు అతన్ని పట్టుకొచ్చాడు.

డాక్టరుకు కంటిలోపలికి చూసే కొత్త మిషను వచ్చింది. దాంతో చూస్తే ఊరందరికీ ఒకే రోగం తేలింది. దూరపుచూపు తక్కువ, నంబరు రెండు. కృష్ణ అవతలి ఒడ్డున మేక ఏ కాలు కుంటుతోందో చెప్పే సాయన్నకూ రెండే. పరీక్షకు ఒప్పుకోని గాడిద ఒక్కటే మిగిలింది.

మిషనును సరిచూడాలంటే దోషం లేని కన్ను కావాలి. డాక్టరు కొలతలు రాసిచ్చాడు: ఇత్తడి గొట్టం, ముందు అద్దం, వెనక రేకు మీద ఎర్రని నరాల బొమ్మ. మిషను చక్రం సున్న దగ్గరుంటే నరాలు స్పష్టంగా కనిపించాలి.

కురుమయ్య వెంట్రుక తేడా లేకుండా చేశాడు.

"రెండు!" అన్నాడు డాక్టరు.

మళ్లీ చేశాడు. మళ్లీ రెండే. బల్ల మీద పదకొండు కళ్లు చేరి కురుమయ్యనే చూస్తున్నాయి.

"దొరా, జర ఇంటికి పోయొస్త. గడ్డం బొడ్డుదాక వచ్చింది."

"సున్న రావాలె, నువ్వు పోవాలె. పన్నెండోది గూడ తప్పితే సర్కారీ ఇత్తడి ఖరాబు చేసినవని పోలీసు అమీనుకు అప్పజెప్త."

డాక్టరు తాళం వేసి భోజనానికి పోయాడు. కిటికీ దగ్గరికి అతని భార్య హన్మమ్మ రొట్టె తెచ్చింది.

"ఏమయ్యా, ఒక్క కన్ను చేయరాకపాయె. నీ చేతికేమైంది?"

"చెయ్యి మంచిగనే ఉన్నదే. గిది చూడు."

చక్రం సున్నకు తిప్పి, మిషనునూ పదకొండో కన్నునూ ఊచల దగ్గర పట్టుకున్నాడు. హన్మమ్మ చూసింది. తర్వాత తనూ చూశాడు. ఇద్దరికీ సున్న దగ్గరే ఎర్రని నరాలు స్పష్టంగా కనిపించాయి.

"దోషం ఏ కంటిదో దొరకు చెప్తవా?"

"చెప్పి బతుకుదమనే?"

పన్నెండో గొట్టాన్ని రాసిచ్చిన కొలత కంటే గోరు మందం పొట్టిగా అరగదీశాడు.

సాయంత్రం డాక్టరు చూసి ఎగిరి గంతేశాడు.

"సున్న! ఇన్నొద్దులకు నీకు కొలత తెలిసొచ్చిందిరా!"

తాళం తీశాడు.

మంగళవారం హన్మమ్మ, తప్పుగా ఉన్నాయని డాక్టరు పారేసిన కళ్లలో ఒక జతను జములమ్మ ముందు పెట్టి, సామ్యూల్ డాక్టరు పేరు చెప్పి మొక్కింది.