బోర్డు మీది మాట

ఇంగ్లీషు మాస్టారి గుండె గుబగుబలాడుతోంది. లోపలి గదిలో భార్య బల్ల మీద గుడ్డ పరిచేసింది. ఇంకాసేపట్లో కత్తెర అందుకుంటుంది. ఆవిడ బట్టలు కుడుతుంది; గుడ్డ తప్ప మరేదీ తగలనివ్వని కత్తెర అది. మధ్యాహ్నం ఆవిడ ఇంట్లో లేనప్పుడు, ముందు గదిలో పాఠాల బోర్డు తగిలించడానికి ఇనప తీగను దాంతోనే కత్తిరించాడు ఈ మహానుభావుడు. అంచు మీద ఆవగింజంత నొక్కు పడింది. గప్‌చిప్‌గా పెట్టెలో పెట్టేశాడు.

"మాస్టారూ, సారీ అంటే ఒక్క క్షమాపణేనా?" ముందు గదిలో పాఠానికొచ్చిన డ్రైవరు అడిగాడు.

"ఒక్కటేమిటయ్యా! కాలు తొక్కితే సారీ. మాట వినపడకపోతే సారీ. ఇవ్వనని చెప్పాలన్నా సారీ. చావు కబురు విన్నా సారీ. ఖర్చులేని మాట, ధారాళంగా వాడుకో!"

లోపల గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తున్న చప్పుడు. మాస్టారికి కాలు నిలవలేదు. "ఇప్పుడే వస్తా" అంటూ లోపలికి పరుగెత్తాడు.

"ఏమోయ్, ఇవాళే కొయ్యాలా? రేపు చూసుకోరాదూ?"

"రేపు మీరు కోసిపెడతారా?"

"అది కాదు, వెలుతురు చాల్లేదు..."

"కిటికీకి అడ్డం తప్పుకోండి, అదే వస్తుంది."

"ఇంత ఖరీదు గుడ్డ ఎవరిదోయ్?"

"ఉన్నార్లెండి ఒక పెద్దమనిషి. మహా పేచీకోరు." ఆవిడ ముసిముసిగా నవ్వుతూ కత్తెర పెట్టె తెరిచింది.

చెప్పెయ్, చెప్పెయ్ అని మనసు పోరుతోంది. ఉన్నవి రెండే అక్షరాలు. ఇందాకట్నుంచీ బోర్డు మీద దిద్దిస్తున్న మాట, కట్టుకున్నదాని ముందు గొంతుకి అడ్డం పడింది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఏనాడూ అనని మాట ఇప్పుడంటే లోకువైపోడూ? ఆ పేచీకోరెవడో గోల చేస్తే అప్పుడు చూసుకోవచ్చులే అనుకున్నాడు. చెమట తుడుచుకుని ముందు గదికి వచ్చేశాడు.

"సారీ అయ్యా, ఆలస్యమైంది," అన్నాడు డ్రైవరుతో.

లోపల కత్తెర కరకరమంది. ఎక్కడో పట్టేసింది. ఆ వెంటనే గుడ్డ పర్రుమని చిరిగింది.

మాస్టారు పరుగున వెళ్లేసరికి ఆవిడ ఆ ముక్కను గుండెలకి హత్తుకుని నిలబడి ఉంది. అడ్డంగా మధ్యకంటా చీలిపోయింది. ఇక దేనికీ పనికిరాదు. ఆవిడ కళ్లనిండా నీళ్లు.

"ఎల్లుండి మీ రిటైర్మెంటుకి మీకు తెలీకుండా కోటు కుడదామనుకున్నానండీ. నా చెయ్యే జారినట్టుంది," అంది తల దించుకుని. "సారీ అండీ!"