మాళు ఊపిరికి తొడుగు

"కనపడట్లేదు," అన్నాడు డాక్టర్ కురువిళ, స్కాన్ తెర మీది నుంచి చూపు తిప్పకుండా.

"మళ్లీ చూడండి సార్," అంది ఏలియామ్మ.

తలుపు దగ్గర నిలబడ్డ దాక్షాయణి ఒకడుగు లోపలికి వేసింది. నాలుగేళ్ల కిందట మనవరాలు మాళు పుట్టినప్పుడు శ్వాసనాళం తడిసిన కాగితంలా మెత్తగా ఉండేది. ఏడిస్తే చాలు, అది మూసుకుపోయి పిల్ల నీలంగా మారిపోయేది. ఈ తిరువనంతపురం ఆసుపత్రిలోనే నాళం చుట్టూ ఒక తెల్లటి తొడుగు వేసి కుట్టారు. దాన్ని తయారుచేసింది ఇక్కడి ఇంజనీరు ఏలియామ్మే. వేలి గోరంత ఉండేది, ఒక పక్క చీలిక. పిల్ల పెరిగేకొద్దీ అదీ విచ్చుకుంటుందని చెప్పారు. మిగతా వివరాలన్నీ విన్న కూతురు మస్కట్‌లో నర్సు. దాక్షాయణికి తెలిసిందల్లా మాళు ప్రాణం ఆ తొడుగు మీదే నిలబడిందని.

ఇప్పుడది లేదంటున్నారు.

ఇంకో ఇద్దరు డాక్టర్లు వచ్చి తెరలోకి తొంగి చూశారు. ఏలియామ్మ కళ్లద్దాలు తీసి కొంగుతో కళ్లొత్తుకుంది.

దాక్షాయణి ఇక ఆగలేకపోయింది. "తప్పు నాదే మోళే, నా తల్లీ! పిల్ల ఛాతీ రుద్దొద్దని మీరు చెప్తూనే ఉన్నారు. నూనె పట్టించకుండా పసిదానికి నీళ్లెలా పొయ్యను? కొబ్బరినూనె పెట్టి రుద్ది రుద్ది నేనే అరగదీసేశాను!"

"రోజూ రుద్దారా?" అన్నాడు కురువిళ.

"ఓణం నాడైతే రెండుసార్లు," అని ఏడ్చేసిందామె.

ఇంతలో మాళు బల్ల మీంచి దూకింది. "అమ్మమ్మా, అరటికాయ చిప్స్ కొంటానన్నావుగా!" అని వరండా అదిరేలా అరిచింది.

"అరవకే, ఊపిరాడదు!"

పట్టుకోబోతే చిక్కకుండా వరండా చివరిదాకా పరుగెత్తి, వెనక్కొచ్చి పకపకా నవ్వింది పిల్ల. ఆయాసం లేదు. పెదవులు ఎర్రగానే ఉన్నాయి. అంతంత చదువుకున్న డాక్టర్లు దేవుడు ఎదుటపడ్డట్టు ఆ చిన్ని ఛాతీ ఎగసిపడటాన్నే చూస్తూ ఉండిపోయారు. దాక్షాయణికి మాత్రం భయం తగ్గలేదు.

"ఎంతసేపు నిలుస్తుందో ఈ ఊపిరి! ఇంకోటి చేసి పెట్టమ్మా, నీ కాళ్లు పట్టుకుంటాను," అని వంగబోయింది.

ఏలియామ్మ ఆమెను రెండు చేతులా పట్టి లేవదీసింది. కన్నీళ్లతోనే నవ్వింది.

"నాళం గట్టిపడ్డాక కరిగిపోవడానికే చేశానమ్మా దాన్ని."