కడుపుమంట

పులుసు గిన్నె గోడకు తగిలి ముక్కలైంది. మరుక్షణం దొరబాబు పిడికిట్లో అనూరాధ జుట్టు ఉంది.

"ఏటి కలిపినావే ఇందులో?"

"నానేటీ కలపనేదు మావా. అమ్మోరి మీద ఒట్టు."

పెళ్లాం ముఖాన్ని అన్నం పళ్లెంలోకి అదిమాడు. ముక్కు అంచుకు కొట్టుకుంది. తెల్లటి అన్నం ఎర్రబడింది.

"తిను. ముందు నువ్వు తిను!"

తింది. రక్తంతో కలిపి మింగింది.

జాలారిపేటలో దొరబాబు పేరున్న సరంగు. ఎంత గాలిలోనైనా పడవను ఒడ్డుకు చేర్చేవాడు. అలాంటి మనిషి ఏడాదిగా ఎముకల గూడైపోయాడు. కడుపులో మెలిపెట్టే నొప్పి. ఆగని విరేచనాలు, వాటితో పాటు రక్తం, జిగురు. నాటువైద్యం పనిచేయలేదు. మందుల షాపు మాత్రలూ పనిచేయలేదు.

"కూట్లో ఏదో పెడతంది," అంది తల్లి సూర్యకాంతమ్మ. "కొంచిం కొంచింగా సంపేత్తంది నా కొడుకుని."

ఆ మాట అతని బుర్రలో మేకులా దిగింది. ఆనాటి నుంచి ఏం వండినా ముందు అనూరాధ తినాలి. ఆమెకేమీ కాలేదని తేలాక తను తినేవాడు. మళ్లీ నొప్పి వచ్చేది. మళ్లీ కొట్టేవాడు. ఒకసారి చేతిలోని కర్ర విరిగింది. ఇంకోసారి ఆమె చిటికెనవేలు విరిగింది.

ఒక సాయంత్రం నొప్పితో మెలికలు తిరుగుతూ లేచి, నెల తప్పిన ఆమె పొట్ట మీద కాలెత్తి తన్నాడు.

"నా కడుపు కాలిపోతంటే నీ కడుపు సల్లగుంటాదేటే!"

ఆ బిడ్డ దక్కలేదు.

కబురు విని అనూరాధ అన్న ఎల్లాజీ చేపలు కోసే కత్తితో వచ్చాడు. "ఆడి పేగులు తీసి కుక్కలకేత్తాను," అంటూ దొరబాబును నేలమీద పడేసి గుండెల మీద కూర్చున్నాడు. కత్తి గొంతు దాకా వచ్చింది. అనూరాధే పరుగున వెళ్లి అన్న చేతిలోని కత్తిని పట్టుకుంది. అరచెయ్యి తెగినా వదల్లేదు.

"వొద్దన్నా. నువ్వు జైలుకెల్లిపోతావు. ముందు ఈడి జబ్బేటో తెలాల. ఆసుపత్రికి తీసుకెల్దాం."

ఎల్లాజీ బావను మెడపట్టి ఆటోలోకి తోశాడు.

పెద్దాసుపత్రిలో గొట్టం పంపి పేగు లోపలంతా చూశారు. తర్వాత డాక్టర్ హిమబిందు అందరినీ పిలిచింది.

"పెద్దపేగు లోపలి పొర నిండా పుండ్లున్నాయి. ఒంటిని కాపాడాల్సిన శక్తే పేగు మీద తిరగబడే జబ్బు ఇది. విషం వల్ల రాదు. ఇతనికి ఎవరూ ఏమీ పెట్టలేదు. మందులు వాడితే అదుపులో ఉంటుంది. కానీ తిరగబెడుతుంటుంది."

"మల్లీ నొప్పొత్తే?" అనూరాధ అడిగింది. "రగతం పడితే?"

"జబ్బు తిరగబెట్టిందన్నమాట. ముదిరితే ప్రాణం మీదికి రావచ్చు."

"ఇంకోపాలి సెప్పండమ్మా. మా అత్తకి ఇనబడాల."

డాక్టర్ మళ్లీ చెప్పింది. సూర్యకాంతమ్మ తల దించుకుంది. దొరబాబు మంచం దిగి, వార్డులో అందరూ చూస్తుండగా పెళ్లాం కాళ్ల మీద పడి బావురుమన్నాడు.

"నన్ను సంపెయ్యే అనూ."

"ఊరుకో మావా," అని ఆమె అతన్ని లేవనెత్తింది.

మందులు పనిచేశాయి. రక్తం ఆగింది. ఇంటికి వచ్చిన రోజు మధ్యాహ్నం అనూరాధ కారం తగ్గించి చేపల పులుసు పెట్టింది. అన్నం మెత్తగా వండింది. పళ్లెం ముందు పెట్టి నిలబడింది.

"నువ్వు తిని సూపించక్కర్నేదే," అన్నాడు దొరబాబు. "ఇంకెప్పుడూ అక్కర్నేదు."

"సరే మావా."

అతను ఆబగా తిన్నాడు. సూర్యకాంతమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. అనూరాధ ఇంకో గరిటె పులుసు పోసింది. అతను వేళ్లు నాకాడు.

అతని తిండిలో విషం కలపడం అనూరాధకు అదే మొదటిసారి.